ఎడమవైపు ఒక అంగుళం

ఆ రోజుల్లో మగవాడు తన అందం మీద శ్రద్ధ పెట్టాడంటే మెడ మీద పౌడరు కనబడాలి, వెనక జేబులోంచి దువ్వెన తల బయటపెట్టి చూస్తుండాలి. అంతే. అంతకు మించి ఏం చేసుకున్నా "ఏమప్పా, పెండ్లిచూపులకా?" అని వీధి వీధంతా అడిగేది. మొహానికి క్రీము రాసుకోవడం ఆడవాళ్ళ పని, కాళ్ళ బాగోగులు చూడటం పశువుల డాక్టరు పని అని మా వాళ్ళ గట్టి అభిప్రాయం. ఇప్పుడు మా కాలనీలో క్షవరానికి పోతే పక్క కుర్చీలో ఎవరో కాలేజీ కుర్రాడు మొహమంతా బురద లాంటిది పూయించుకుని, కళ్ళ మీద కీరదోస ముక్కలు పెట్టించుకుని ప్రశాంతంగా పడుకుని ఉంటాడు. ఎవరూ తిరిగి కూడా చూడరు. నాకు వాడి మీద కోపం లేదు, పైగా ఒక పెద్దరికం ఉంది. ఎందుకంటే తొంభైలలోనే, బొమ్మనహళ్ళిలో, పట్టపగలు, హాలు నిండా ఆడవాళ్ళ ముందు స్కర్టు కట్టుకుని నడిచినవాణ్ణి నేను. అది కూడా నూనె రాసి మెరిపించిన కాళ్ళతో. ఆ సంగతి చెప్పాలంటే ముందు నా అందం గురించి చెప్పుకోవాలి. తప్పదు, కాస్త ఓపిక పట్టండి.

మాది హొసకోటె. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. డిగ్రీ చేతికొచ్చాక నేను చేసిన పనల్లా అద్దం ముందు నిలబడటం, అక్కడ విసుగొస్తే బస్టాండులో నిలబడటం. ఈ రెండూ చూసి చూసి మా అమ్మ నన్ను బొమ్మనహళ్ళిలో ఉన్న తన తమ్ముడి దగ్గరికి పంపించింది. మామ అక్కడ హోసూరు రోడ్డు వెనక సందులో ఒక బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. మెడలో టేపు వేసుకుని పుట్టాడేమో అనిపించే మనిషి. ఆ ఫ్యాక్టరీలో కుట్టిన బట్టలన్నీ ఓడలెక్కి విదేశాలకు పోయేవి. ఓనరును అందరూ చాటుగా ఇస్త్రీ సారు అనేవాళ్ళు. ఆయన ప్యాంటు మడత మీద వంకాయ పెట్టి నొక్కితే రెండు చెక్కలవుతుందని మామ అనేవాడు (నేను ప్రయత్నించలేదు). మామ మొహం చూసి ఆయన నన్ను తీసుకున్నాడు గానీ, కొన్నాళ్ళు చూసి, నచ్చితేనే ఉద్యోగం ఖాయం అన్నాడు. నా పని శాంపిళ్ళను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మోయడం. ఆ పనికి నా మొహం అక్కర్లేదన్న బాధ నాకు మొదటి రోజునుంచీ ఉండేది.

అయితే అందం ఎక్కడున్నా దాగదు కదా. శాంపిల్ చొక్కాలు తొడిగి చూడటానికి ఫ్యాక్టరీలో ఒక మగబొమ్మ ఉండేది. పై కప్పు కారి కారి దాని కుడి భుజం ఉబ్బిపోయింది. దానికి తొడిగిన ప్రతి చొక్కా ఏదో బరువు మోస్తున్నట్టు కనబడేది. ఒకరోజు మామ విసుగెత్తి, దారిలో పోతున్న నన్ను ఆపి కొలతలు తీశాడు. ఛాతీ, నడుము, భుజం, చెయ్యి ఒక్కొక్కటే కొలిచి, విదేశాలనుంచి బట్టలు కొనే బయ్యరు పంపిన మీడియం సైజు కొలతల పక్కన పెట్టుకుని, మళ్ళీ కొలిచాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి నన్ను కొత్తగా చూశాడు.

"దేవుడు నిన్ను సైజు చార్టు ముందర పెట్టుకొని చేసినాడ్రా అల్లుడూ," అన్నాడు.

అది పొగడ్త అని నేను అనుకోలేదు. ఉన్న మాట ఒకరు ఆలస్యంగా గుర్తించారు, అంతే అనుకున్నాను. అప్పటినుంచీ మగబొమ్మను మెట్ల కిందికి నెట్టేసి ప్రతి శాంపిలూ నాకే తొడగడం మొదలుపెట్టారు. నా నడుము కంపెనీ ఆస్తి అయిపోయింది. క్యాంటీనులో రెండో రాగిముద్ద అడిగితే వడ్డించే ఆమె మామ వైపు చూసేది, మామ తల అడ్డంగా ఊపేవాడు. ఆకలేసేది గానీ, గర్వంతో కడుపు సగం నిండి ఉండేది కాబట్టి నెట్టుకొచ్చాను.

అంతలో గడ్డురోజులొచ్చాయి. బయ్యర్లు ఒక్కొక్కరే వేరే దేశాల వైపు తిరిగారు. ఇస్త్రీ సారు హాలు చివర ఉన్న కుట్టుమిషన్ల లైను ముందు నిలబడి, ఈ నెలలోగా ఆర్డరు రాకపోతే ఈ మిషన్లు ఆపేస్తాం, పిలిచినప్పుడు వద్దురు గాని అని చెప్పి వెళ్ళిపోయాడు. పిలిచినప్పుడు అంటే ఎప్పుడో అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ లైనుకు పెద్దదిక్కు కాలరక్క. ఆనేకల్ దగ్గర పల్లెనుంచి తెల్లారే బస్సెక్కి వచ్చేది. చొక్కా కాలరు కుట్టడంలో ఆమెకు సాటి లేదు గనుక ఆ పేరు. ఆమె మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆమె మిషను నడవలేదు. ఇక నా సంగతి. తొడగడానికి శాంపిలే లేకపోతే మీడియం సైజు మనిషి ఎవరికి కావాలి? హొసకోటె బస్టాండు నాకోసం ఎదురుచూస్తున్నట్టు కనబడసాగింది.

అలాంటి సమయంలో ఒక కొత్త బయ్యరు దగ్గర్నుంచి బొమ్మ గీసిన కాగితమూ దాంతోపాటు మందపాటి బూడిదరంగు గుడ్డా వచ్చాయి. బొమ్మలో మీసాలాయన ఒకడు పిక్కల దాకా స్కర్టు కట్టుకుని, బూట్లు వేసుకుని నిలబడి ఉన్నాడు. మామ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, తల మారిపోయినట్టుంది, ఆడమనిషి ఒంటికి మగవాడి తల అచ్చు పడింది అన్నాడు. ఇస్త్రీ సారు ఫోన్ చేసి కనుక్కున్నాడు. అచ్చు తప్పు కాదట, అది మగవాళ్ళకేనట. అక్కడి మగవాళ్ళకు ప్యాంట్లంటే విసుగొచ్చిందట, వచ్చే ఏడాది ఇదే మోజట. శాంపిల్ నచ్చితే పెద్ద ఆర్డరు, చివరి లైను పని లేని రోజులన్నీ దాటేసేంత ఆర్డరు. బయ్యరమ్మ స్వయంగా వచ్చి చూసి తేలుస్తుందట. సారు ఫోన్ పెట్టేసి మా వైపు తిరిగి పెద్దగా నవ్వాడు.

"ఇదేం కష్టమప్పా! మన తాత ముత్తాతలందరూ కట్టింది ఇదే కదా. లుంగీకి హుక్కు పెట్టమంటాండారు, అంతే," అన్నాడు.

అందరికీ ఆ మాట నచ్చింది. మామకైతే మరీ. ఇంట్లో మామ, వీధిలో మగాళ్ళందరూ సాయంత్రమైతే లుంగీల్లోనే కదా తిరుగుతారు, ఈ విద్యలో మమ్మల్ని మించినవాళ్ళెవరు అన్న ధీమాతో రెండు రోజుల్లో శాంపిల్ కత్తిరించాడు. కాలరక్క కుట్టింది. నేను కట్టుకున్నాను. సిగ్గు పడ్డావా అని మీరు అడుగుతారని తెలుసు. పడలేదు. గదిలోంచి హాల్లోకి తల ఎత్తుకుని వచ్చాను. మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నా కోసమే అనుకుని, దువ్వెన తీద్దామని వెనక్కి చెయ్యి పెడితే అక్కడ జేబే లేదు. సరేలే అని వేళ్ళతోనే జుట్టు సర్దుకుని కాలరక్క ముందు నిలబడి ఎట్లుందక్కా అన్నాను. ఆమె తల నుంచి కిందికి తీరిగ్గా చూసుకుంటూ వచ్చింది. మోకాళ్ళు దాటాక ఆమె మొహం మారింది.

"మొగమంతా బాగుండాదప్పా. కాళ్ళే, ఇంగెవరివో అడిగి తెచ్చుకున్నట్ల ఉండాయి."

ఆ రోజు సాయంత్రం, నేనుండే మామ ఇంట్లో, అత్త నిలువుటద్దం ముందు లుంగీ మోకాళ్ళ దాకా పట్టుకుని నా కాళ్ళను మొదటిసారిగా పరాయి మనిషిలా చూశాను. ఎన్నాళ్ళుగానో నాతోనే ఉన్నా ఎన్నడూ పలకరించని బంధువుల్లా ఉన్నాయి. క్రికెట్టు మచ్చలు, దోమకాట్లు, ఎండాకాలం చెరువు అడుగులాంటి మడమలు. మొహానికి అన్నేళ్ళు చేసిన సేవలో పదో వంతైనా వీటికి చెయ్యలేదే అనిపించింది. మర్నాటినుంచీ మొదలుపెట్టాను. పొద్దున్నే స్నానాల గదిలో నురగరాయితో మడమలు తోమడం, తర్వాత శనగపిండి, ఆ తర్వాత కొబ్బరినూనె. లైనులో ఆడవాళ్ళు తలా ఒక సలహా ఇచ్చారు, నేను ఒక్కటీ వదల్లేదు. పసుపు వద్దని ఒకామె చెప్పింది గానీ అప్పటికే రాసేశాను. రెండు రోజులు కాళ్ళు పెళ్ళికొడుకు కాళ్ళలా ఉన్నాయి. అత్తకు అనుమానం వచ్చింది. శనగపిండి డబ్బా ఖాళీ అయిన రోజున నన్ను వంటింట్లోకి పిలిచి, ఎవర్రా ఆ పిల్ల అని అడిగింది. ఎవరూ లేరు, ఆఫీసు పని అన్నాను. ఆమె నమ్మలేదు.

"కాళ్ళు చూసి మోసపోయే పిల్ల యాడుండాదిరా, నాకూ చూపించు," అంది.

కాళ్ళ తర్వాత నడక. బస్సులో సీటంతా నాదే అన్నట్టు కూర్చునే అలవాటు నాది. స్కర్టు కట్టుకుని స్టూలు మీద మొదటిసారి కూర్చున్నప్పుడు హాలులో సగం మందికి ఒకేసారి దగ్గొచ్చింది. కాలరక్క వచ్చి, మోకాళ్ళు రెండూ ఒక ఇంటివేనప్పా, దగ్గర పెట్టుకో అని నేర్పింది. మెట్లెక్కడం, కింద పడ్డ సూది తీయడం, గాలి వచ్చే కిటికీ దగ్గర ఎటు తిరిగి నిలబడాలి, అన్నీ నేర్పించారు. నేను త్వరగా నేర్చుకున్నాను. నాలో అంత నేర్పు ఉందని నాకు ఆశ్చర్యం కలగలేదు. మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఆ ఫ్యాక్టరీలో నన్నెవరూ వెక్కిరించలేదు. ఆ స్కర్టు మీద వాళ్ళ కూడు ఆధారపడి ఉంది, వెక్కిరించే తీరిక వాళ్ళకు లేదు.

చిక్కల్లా ఒక్కచోటే వచ్చింది. బల్ల మీద పరిచి కొలిస్తే స్కర్టు చుట్టూరా అంచు సమానంగా ఉంది. నేను కట్టుకుని నిలబడితే ఎడమవైపు ఒక అంగుళం పైకి లేచి ఉంది. మామ కాలరక్క కుట్టు మీద అనుమానపడ్డాడు. ఆమె కుట్టు విప్పి, మళ్ళీ కుట్టి ఇచ్చింది. మళ్ళీ అదే అంగుళం. గుడ్డ తడిపి ఆరబెట్టారు, నడుము పట్టీ మార్చారు, నన్ను గోడకు ఆనించి నిలబెట్టారు. అంగుళం అంగుళమే. చివరికి మామ తన సర్వీసు మొత్తాన్ని తలుచుకుని ఒక నిర్ణయానికొచ్చాడు. మగాడి నడుము ఆడమనిషి నడుములా కాదు, ఎడమవైపు గుడ్డను లాక్కుంటుంది, మనకిది కొత్త గనుక తెలియలేదు అన్నాడు. అని, గుడ్డ కత్తిరించే ప్యాటర్ను కాగితం మీద ఎడమవైపు ఒక అంగుళం ఎక్కువ పెట్టి కొత్తగా కత్తిరించాడు. కట్టుకున్నాను. గీత గీసినట్టు చుట్టూరా సమానంగా నిలబడింది. ఇస్త్రీ సారు మామ భుజం తట్టి, అనుభవమంటే ఇదప్పా అన్నాడు. మామ ఆ రోజు రెండు ముద్దలు తిన్నాడు. నాకు ఒకటే.

బయ్యరమ్మ వచ్చే రోజు రానే వచ్చింది. పొడుగ్గా, గంభీరంగా ఉంది. వెంట ఆమె దగ్గర పనిచేసే తెల్ల కుర్రాడు ఒకడు, నా వయసువాడే. శాంపిల్ గదిలో పెద్ద అద్దం ముందు అందరం నిలబడ్డాం. గదికి అద్దాల గోడ కావడంతో హాలులోంచి చివరి లైను మొత్తం మమ్మల్నే చూస్తోంది, చేతులు మిషను మీద, కళ్ళు మా మీద. నేను లోపలి గదిలోంచి స్కర్టులో నడిచి వచ్చాను. కాళ్ళు మెరుస్తున్నాయి, అంచు సమానంగా ఉంది. బయ్యరమ్మ చుట్టూ తిరిగి చూసి బావుందని తల ఊపింది. ఇస్త్రీ సారు ఊరుకోకుండా, ఇది మా రక్తంలోనే ఉంది మేడం, మా దేశంలో మగవాళ్ళు వేల ఏళ్ళుగా కడుతున్నారు అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె సంతోషించి, అయితే మా అబ్బాయికి కూడా కట్టి చూద్దాం, ఫోటోలు దిగేది వాడే అంది.

కుర్రాడు లోపలికెళ్ళి కట్టుకుని వచ్చాడు. అద్దం ముందు నిలబడ్డాడు. స్కర్టు ఎడమవైపు అంగుళం కిందికి జారి, నేలకేసి చూస్తూ ఉంది. బయ్యరమ్మ నా వైపు చూసి, వాడి వైపు చూసి, మళ్ళీ సారు వైపు చూసింది. మామ నా చెవి దగ్గరికి వచ్చాడు.

"పాపం, ఆ పిల్లోనికి ఒక కాలు పొట్టి ఉండాది. వాళ్ళు చెప్పలేక గమ్మున ఉండారు."

చెప్పి ఊరుకున్నాడా, టేపు తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాడు. కాళ్ళు రెండూ సమానం. ఇంకోసారి కొలిచాడు. చక్కిలిగింతలకు కుర్రాడు నవ్వాడు గానీ బయ్యరమ్మ నవ్వలేదు. ఒక్క శాంపిలే తిన్నగా కుట్టలేని చోట అన్ని వేల స్కర్టులు ఎట్లా ఇవ్వను అన్న మాట ఆమె నోటితో అనలేదు గానీ, చేతిసంచి భుజానికి తగిలించుకుంది. పీణ్యలో ఇంకో ఫ్యాక్టరీ చూడాలంది. ఇస్త్రీ సారు ప్యాంటు మడత నా కళ్ళ ముందే చచ్చిపోయింది. అద్దాల అవతల కాలరక్క లేచి నిలబడింది. ఆమె మొహం చూడలేక నేను అద్దంకేసి తిరిగాను.

అద్దంలో నేనూ ఆ తెల్ల కుర్రాడూ పక్కపక్కనే ఉన్నాం. నేను ఇంకో శాంపిల్ స్కర్టు కట్టుకుని ఉన్నాను, అదే ప్యాటర్ను. నాది తిన్నగా ఉంది, వాడిది వాలి ఉంది. తేడా ఎక్కడా అని పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాను (మొహం దగ్గర తేడా ఎలాగూ నాకు అనుకూలమే). వాడి చేతులు రెండూ ఖాళీగా వేలాడుతున్నాయి. నా కుడి చెయ్యి వేలాడుతోంది. ఎడమ చెయ్యి మాత్రం తొడ పక్కన స్కర్టును రెండు వేళ్ళతో చిటికెడు పట్టుకుని, కొంచెం పైకి ఎత్తి ఉంది. ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియదు. నేను పట్టుకోమని చెప్పలేదు. మెల్లిగా వదిలాను. నా స్కర్టు కూడా ఎడమవైపు అంగుళం కిందికి దిగింది.

నాకు ఒళ్ళంతా వెలుగొచ్చినట్టయింది. మేడం అని గట్టిగా పిలిచాను. అంతవరకూ ఆ గదిలో నోరెత్తకూడదన్నది నాకున్న ఆజ్ఞ. ఆ మాట గుర్తుంటే కదా. రండి అని ఆమెను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కింద సందు చూపించాను. అప్పుడే ఎదురింటి పెద్దాయన లుంగీలో పాల ప్యాకెట్టు పట్టుకుని వస్తున్నాడు, ఎడమ చేత్తో లుంగీ చిటికెడు పైకెత్తి. ఆయన వెనక టీ కెటిలు పట్టుకుని ఒకాయన, అదే చెయ్యి, అదే చిటికెడు. పీర్లు ఎత్తుకున్నట్టు గ్యాస్ సిలిండరు భుజం మీద పెట్టుకుని ఇంకొకాయన, బరువు కుడిచేతికి వదిలేసి, ఎడమ చెయ్యి మాత్రం లుంగీకే అంకితం చేసి పోతున్నాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో, రాని చోట చేతులతో, ఆమెకు చెప్పాను: మా ఊళ్ళో మగవాళ్ళందరూ ఎడమవైపు ఒక అంగుళం పైకే ఉంటారు మేడం, మా మాస్టరు ఆ చేతిని కూడా కలిపి కత్తిరించాడు.

ఆమె చాలాసేపు కిటికీలోంచి చూసింది. ఎందుకు పట్టుకుంటారు అని అడిగింది. ఇస్త్రీ సారు గాలికి అన్నాడు. మామ బురదకు అన్నాడు. గాలీ లేదు, బురదా లేదు. ఆ రోజు దాకా మాలో ఎవరూ ఆ ప్రశ్న వేసుకోలేదు. మా నాన్న పట్టుకున్నాడు, మేం పట్టుకున్నాం. నేను మాత్రం తడుముకోలేదు.

"హ్యాండ్ హ్యాజ్ నో జాబ్, మేడం," అన్నాను. "ఒక జేబు పెట్టండి. దానికో ఇల్లు దొరుకుతుంది."

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, సంచి దించి, పెన్సిలు తీసి బొమ్మ మీద ఎడమవైపు పెద్ద జేబు గీసింది. మామ అంగుళం కోసి పారేసి, అక్కడికక్కడే జేబు కత్తిరించాడు. కాలరక్క కుట్టి తెచ్చింది. కుర్రాడు అందులో చెయ్యి పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. అంతవరకూ తప్పిపోయిన మనిషిలా ఉన్నవాడు కాస్తా ఆ స్కర్టు తనదే అన్నట్టు అయిపోయాడు. ఆమె ఇస్త్రీ సారుకు చెయ్యి అందించింది. ఆర్డరు మాకే.

వాళ్ళ కారు గేటు దాటగానే నేను హాలులోకి పరిగెత్తినంత పని చేశాను, స్కర్టుతోనే. చివరి లైను దగ్గరికి పోయి, అక్కా, మిషన్లు ఆగవు అని చెప్పాను. అందరి మొహాలూ విచ్చుకున్నాయి. ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కాలరక్క నవ్వింది గానీ, చేతిలో మిగిలిన జేబు గుడ్డను మడుస్తూ, విప్పుతూ ఉండిపోయింది. ఏమక్కా అన్నాను. ఆమె నాతోనే అన్నట్టు మెల్లగా అంది.

"ఎన్నేండ్లనుంచో ఆడోళ్ళ స్కర్ట్లు కుడతాండాం కదప్పా, ఒక్కదానికీ జేబు లేదు. మా పని కోట్లకీ లేదు. బస్సు పాసు, ఇంటి బీగంచెవి, అన్నీ చేతిగుడ్డలో మూటగట్టి నడుంలో దోపుకుంటాం. మీ చేతికి పని లేదని జేబొచ్చె. మా చేతికి ఖాళీ లేదని ఎవరన్నా పెట్టినారా?"

లైనులో ఆడవాళ్ళు వేసుకునే నీలం కోట్లకు జేబులుండకూడదన్నది ఇస్త్రీ సారు రూలే. జేబులుంటే గుండీలూ దారాలూ ఇళ్ళకు నడిచి పోతాయని ఆయన భయం. ఆ రోజు నేను ఎంత ఊపులో ఉన్నానంటే, వెనక్కి తిరిగి నేరుగా ఆయన గదిలోకే వెళ్ళాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఒంటి మీద స్కర్టు ఉంది, ఈ రెండూ గుర్తు రాలేదు. ఆయన చచ్చిపోయిన ప్యాంటు మడతను అరచేత్తో సాపు చేసుకుంటున్నాడు. సార్, నాలుగు రోజులు స్కర్టు కట్టుకున్నందుకు నాకు జేబు దొరికింది, ఏళ్ళ తరబడి దాన్ని కుడుతున్నవాళ్ళ కోటుకు కూడా ఒకటి పెట్టిద్దాం అన్నాను. దొంగతనం జరిగితే అన్నాడు. గుండీ ఎత్తుకుపోయే బుద్ధి ఉన్నవాళ్ళకు చేతిగుడ్డ చాలదా సార్ అన్నాను. ఆయన నన్ను కాదు, నా కాళ్ళను చాలాసేపు చూశాడు. నవ్వొచ్చిందో, ఆర్డరు సంతోషమో తెలియదు.

"ఒక్కటే. చిన్నది. బయటికి కనబడేట్ల ఉండాల," అన్నాడు.

హాలులోకి వచ్చి ఆ మాట చెప్పాను. చిన్నది అన్నది ఆయన మాట, కుట్టుకునేది వాళ్ళు. మర్నాడు చూస్తే ప్రతి కోటుకూ బయటికి కనబడేట్టే ఉంది జేబు. మోచేతి దాకా చెయ్యి పోయేంత లోతుంది. కాలరక్క తన జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి ఒకసారి నాకు చూపించి, మళ్ళీ లోపల వేసుకుంది. అదేదో కొత్త నగ అన్నట్టు, రోజంతా మధ్యమధ్య అక్కడ చెయ్యి పెట్టి చూసుకుంటూనే ఉంది.

కానీ నేను చెప్పదలుచుకున్నది ఆ ముందు సాయంత్రం సంగతి. ఒక్కటి పెట్టుకోమన్నాడు అని నేను చెప్పగానే లైనంతా లేచి చప్పట్లు కొట్టింది. మిషన్లు ఆపి మరీ కొట్టారు. నేను మధ్య దారిలో, స్కర్టులో, నూనె మెరుపుల కాళ్ళతో నిలబడి, అటు ఒకసారి ఇటు ఒకసారి వంగి నమస్కారం చేశాను. అంతమంది ఆడవాళ్ళు ఒకేసారి ఒక మగవాడి కాళ్ళను అలా మెచ్చుకున్న సందర్భం బొమ్మనహళ్ళి చరిత్రలో ఇంకోటి ఉండదని చాలా ఏళ్ళు నమ్మాను. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడకు ఈ కథంతా ఇదే ధీమాతో చెప్పాను. ఆమె అంతా విని, చివర్లో ఒక్కటే అడిగింది: "వాళ్ళు కొట్టింది కాళ్ళకా, జేబుకా?" అన్నేళ్ళలో ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఇప్పుడు నడుము ఏ చార్టులోకీ రాదు, కాళ్ళ సంగతి డాక్టరుకు తప్ప ఎవరికీ పట్టదు. జవాబేమిటో నాకు తెలుసు. అయినా ఆ హాలు మధ్యలో ఇంకా వంగి వంగి దండాలు పెడుతున్న ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళి చెప్పబుద్ధి కావడం లేదు. బాగా సంతోషంగా ఉన్నాడు పాపం, ఉండనిద్దాం.